కాస్త చెయ్యి వేస్తారా?

పల్లెలో పుట్టి పెరిగిన వారందరూ చూసినదే ఇది. సాయంత్రం వేళ గడ్డి కోసుకున్న స్త్రీ మోపు కట్టి, గట్టుమీద నిలబెట్టి, దారివైపు చూస్తూ ఉంటుంది. ఆ మోపు నెత్తిన పెట్టుకొని రెండు మైళ్ళు నడవగల శక్తి ఆమెకు ఉంది. లేనిదల్లా నేలమీద నుండి నెత్తిమీదికి చేర్చే ఆ ఒక్క క్షణపు సాయం మాత్రమే. ఎవరో ఒకరు వస్తారు. "ఓలమ్మా, కాస్త ఎత్తి వెళ్ళు" అంటుంది. వచ్చిన మనిషి చెయ్యి వేస్తుంది, మోపు నెత్తికెక్కుతుంది, ఇద్దరూ చెరొక దారిన పోతారు. అడిగినందుకు ఈమె చిన్నబోదు, ఎత్తినందుకు ఆమె గొప్ప చెప్పుకోదు.

ధాన్యం బస్తాలు మోసే హమాలీల సంగతి కూడా అంతే. 75 కిలోల బస్తాను వీపుమీద మోసుకొని లారీ దాకా నడిచే మనిషి, దాన్ని వీపుమీదికి తానే ఎత్తుకోడు. ఇద్దరు చెరొక మూల పట్టి ఎత్తుతారు. మన శ్రమజీవులకు ఎవరూ పాఠం చెప్పకుండానే తెలిసిన ఈ సంగతిని, మన యౌవనస్థులు జిమ్ములోకి వెళ్ళగానే మరచిపోతున్నారు. అందుకే ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

పాస్టరు గారికి జిమ్ముతో పనేమిటని మీరు నవ్వుకోవచ్చు. మా సంఘంలోని పెద్దలూ నవ్వారు. నాకు నలభై మూడవ ఏట షుగరు బయటపడింది. నడక ఒక్కటే చాలదు, కండలకు పని చెప్పండి, పనిచేసే కండ రక్తంలోని చక్కెరను వాడుకుంటుంది అని డాక్టరు గారు చెప్పారు. అప్పటినుండి వారానికి మూడు రోజులు తెల్లవారుజామున మా మండల కేంద్రంలోని చిన్న జిమ్ముకు వెళుతున్నాను. రేకుల షెడ్డు, నాలుగు బల్లలు, రెండు స్టాండ్లు, ఒక నిలువుటద్దం. అంతే. అక్కడి పిల్లలంతా నాకంటే ఇరవై ఏళ్ళు చిన్నవాళ్ళు. నేను ఎత్తే బరువు చూసి వాళ్ళు జాలిపడతారు గాని, ఆ ఒక్క గంటలో ఆదివారం ఆరాధనలో కనబడని సంగతులెన్నో నాకు కనబడుతుంటాయి.

బరువు ఎత్తేవాడి దగ్గర నిలబడి, ఎత్తలేని పరిస్థితి వస్తే అందుకొనే మనిషిని ఇంగ్లీషులో స్పాటర్ అంటారు. మా జిమ్ములో ఆ మాట ఎవరూ వాడరు. "అన్నా, సపోర్టు" అంటారు. ఈ సపోర్టు ఎప్పుడు కావాలి, ఎప్పుడు అక్కరలేదు అన్నదే ప్రశ్న.

మాది శ్రీకాకుళం జిల్లా. ఆమదాలవలస దగ్గరి ఊసవానిపేట నుండి వెళ్ళిన కరణం మల్లీశ్వరి 2000 సెప్టెంబరులో సిడ్నీ ఒలింపిక్సులో కాంస్య పతకం గెలిచింది. ఒలింపిక్ పతకం గెలిచిన మొదటి భారతీయ స్త్రీ ఆమె. 69 కిలోల తరగతిలో స్నాచ్‌లో 110, క్లీన్ అండ్ జెర్క్‌లో 130, మొత్తం 240 కిలోలు ఎత్తింది. చివరి ప్రయత్నంలో 137.5 కిలోలకు పూనుకుంది. అది నిలవలేదు. రాడ్డు కింద పడింది, ఆమె క్షేమంగా వేదిక దిగింది. ఆ వేదికమీద ఆమె పక్కన సపోర్టుగా ఒక్కరూ లేరు. అంత బరువుకు అక్కరలేని సాయం, 50 కిలోలెత్తే మన కుర్రవాడికి ఎందుకు?

జవాబు బరువులో లేదు. ఆ బరువు పడిపోవటానికి దారి ఉందా లేదా అన్నదానిలో ఉంది. తలపైకి ఎత్తిన రాడ్డును వదిలిపెట్టి పక్కకు తప్పుకోవచ్చు. ప్లేట్లకు రబ్బరు ఉంటుంది, చుట్టూ 4 మీటర్ల వేదిక ఖాళీగా ఉంటుంది. నేలమీద నుండి నడుము దాకా ఎత్తే డెడ్‌లిఫ్టులోనూ అంతే. చేతకాకపోతే రాడ్డు వచ్చిన చోటికే పోతుంది. కాని బల్లమీద వెల్లకిలా పడుకొని గుండెమీదికి దించి ఎత్తే బెంచ్ ప్రెస్ అటువంటిది కాదు. అక్కడ రాడ్డు కింద ఉన్నది నేల కాదు, మనిషి గుండె, మనిషి గొంతు. రాడ్డును మెడ వెనక భుజాలమీద పెట్టుకొని బస్కీ తీసినట్టు కూర్చొని లేచే స్క్వాట్‌లోనూ ప్రమాదం అటువంటిదే. దించుకొనే దారి ఉన్న బరువును ఒంటరిగా ఎత్తవచ్చు. దారి మూసుకుపోయిన బరువు దగ్గర మనిషి కావాలి.

2009 సెప్టెంబరులో అమెరికాలోని దక్షిణ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు ఫుట్‌బాల్ ఆటగాడు స్టాఫన్ జాన్సన్ బెంచ్ ప్రెస్ చేస్తుండగా, సుమారు 125 కిలోల రాడ్డు చేతినుండి జారి గొంతుమీద పడింది. గంటలతరబడి శస్త్రచికిత్స జరిగింది. మంచి వయసు, మంచి బలం ఉన్న ఆటగాడు. దేవుని దయవలన ప్రాణం దక్కింది.

అంత దూరం పోనక్కరలేదు. మా పొరుగు గ్రామంలో ఒక కుర్రవాడు పశువుల పాకలోనే జిమ్ము పెట్టుకున్నాడు. పెయింటు డబ్బాలలో సిమెంటు పోసి, మధ్యన ఇనుప పైపు గుచ్చి బరువులు చేసుకున్నాడు. ఇటువంటివి మన పల్లెల్లో ఎన్ని లేవు? ఇటుకల దొంతరలమీద పలక వేసుకొని, రాత్రి భోజనాల వేళ ఒక్కడే ఎత్తుతుండేవాడు. ఒక రాత్రి పైపు గొంతుమీదికి వచ్చి ఆగిపోయింది. అరుద్దామంటే గొంతు లేవలేదు. డబ్బాలు పైపుకు అతుక్కొని ఉన్నాయి గనుక ఒక పక్క బరువు జార్చే వీలు కూడా లేదు. లేగదూడను కట్టటానికి వచ్చిన నాయనమ్మ, చీకటిలో కాళ్ళు కొట్టుకుంటున్న చప్పుడు విని పాకలోకి తొంగి చూసింది. ఆ ముసలామె ఆ బరువు ఎత్తగలదా? ఎత్తలేదు. ఒక చివర రెండు చేతులా పట్టి తనవైపు లాగింది. పైపు వంకర తిరిగి పక్కకు పడింది. నెల రోజులపాటు ఆ అబ్బాయి మాట బొంగురుగా వచ్చింది.

నేను చూడటానికి వెళ్ళినప్పుడు ఆమె అన్న మాట మరువలేను. "ఇంట్లో నలుగురం ఉన్నాం బాబూ. ఒకర్ని పిలవొచ్చు కదా?" కుర్రవాడు తల వంచుకున్నాడు. పిలవటానికి మనుషులు లేక కాదు, పిలవటానికి సిగ్గుపడి ఒంటరిగా ఎత్తాడని అప్పుడు నాకు అర్థమయింది.

మనిషిని పిలిస్తే చాలునా? చాలదు. 2023 జూలైలో ఇండోనేసియాలోని బాలి దీవిలో ఒక వ్యాయామ శిక్షకుడు సుమారు 210 కిలోల రాడ్డును భుజాలమీద పెట్టుకొని స్క్వాట్ చేస్తూ తిరిగి లేవలేకపోయాడు. వెనక సహాయకుడు ఉన్నాడు. అయినా రాడ్డు మెడమీదికి వచ్చింది, సహాయకుడు కూడా అదుపు తప్పి వెనక్కు పడ్డాడు. శిక్షకుడు చనిపోయాడు. 210 కిలోలకు ఒక్క మనిషి చాలడు. పవర్‌లిఫ్టింగ్ అంతర్జాతీయ పోటీల నియమాలలో, వేదికమీద సహాయకులు ఇద్దరికి తక్కువ కాకుండా, అయిదుగురికి మించకుండా ఉండాలని రాసి ఉన్నది. అక్కడికి వచ్చేవారందరూ ఆరితేరినవారే. అయినా ఆ నియమం వారికే పెట్టారు.

కాబట్టి సపోర్టు ఇచ్చేవారు తెలుసుకోవలసినవి కొన్ని ఉన్నాయి. మా శిక్షకుడు నాకు నేర్పినవి ఇవి:

మొదటిది, ముందుగా అడగాలి. ఎన్నిసార్లు ఎత్తుతావు? స్టాండుమీద నుండి తీయటానికి చెయ్యి వేయాలా? ఏ మాట అంటే పట్టుకోవాలి? రాడ్డు గాలిలో ఉన్నప్పుడు మాట్లాడుకొనే సమయం ఉండదు.

రెండవది, బెంచ్ ప్రెస్ చేసేవాని తలవైపున దగ్గరగా నిలబడి, మోకాళ్ళు కొద్దిగా వంచి, చేతులు రాడ్డు కిందుగా ఉంచాలి. ఒక అరచెయ్యి పైకి, ఒకటి కిందికి ఉంటే పట్టు జారదు. రాడ్డును మాత్రం తాకకూడదు. డంబెల్స్ అయితే మోచేతుల దగ్గర కాక, మణికట్టు దగ్గర చేతులుంచాలి.

మూడవది, కళ్ళు రాడ్డుమీద ఉండాలి. అద్దంమీద కాదు, ఫోనుమీద అంతకంటే కాదు. వేరొకరితో కబుర్లాడే సహాయకుని కంటే అసలు లేకపోవటమే మేలు. లేడని తెలిస్తే ఎత్తేవాడు తక్కువ బరువు పెట్టుకొనేవాడు. ఉన్నాడన్న ధైర్యంతోనే కదా ఎక్కువ పెట్టుకున్నాడు!

నాలుగవది, తన బలం తాను తెలుసుకోవాలి. ఆ బరువును నేను అందుకోలేననిపిస్తే ముందే చెప్పి, మరొకరిని పిలవాలి.

అయిదవది, రాడ్డు స్టాండుమీద కూర్చొనేదాకా కదలకూడదు. లెక్క పూర్తయింది కదా అని వెనక్కు తిరిగే ఆ రెండు క్షణాలే, చేతులు బాగా అలసిపోయి ఉండే క్షణాలు.

వీటన్నిటికంటే కష్టమైనది ఇంకొకటి ఉంది. ఎప్పుడు పట్టుకోవాలి? తొందరపడి పట్టుకుంటే అతడు చేయగలిగినదాన్ని మనం చెడగొట్టినట్టు. ఆలస్యమైతే ప్రమాదం. మా శిక్షకుని సూత్రం ఇది: మెల్లగానైనా పైకి పోతున్న రాడ్డును ముట్టుకోవద్దు, కిందికి దిగటం మొదలైతే ఆగవద్దు.

ఆ సూత్రం నాకు పూర్తిగా అర్థమైన రోజు ఒకటి చెబుతాను. తెల్లవారుజామున నాతోపాటు వచ్చే ఒక యౌవనస్థుడు ఉన్నాడు. తండ్రి పోయి రెండేళ్ళు అయింది. తల్లీ, తానూ. తండ్రి అంత్యక్రియలకు ఊరివాళ్ళు ఇచ్చిన డబ్బును కూలిపని చేసి లెక్కపెట్టి తిరిగి ఇచ్చాడు. ఎవరికీ ఋణపడకూడదని అతని పట్టుదల. ఆదివారం వెనక బెంచీలో కూర్చొని, ఆఖరి ప్రార్థన కాగానే వెళ్ళిపోయేవాడు. ఎవరూ ఉండని వేళ చూసుకొని జిమ్ముకు వచ్చేవాడు. ఒకరోజు నావైపు చూడకుండా, గోడవైపు చూస్తూ, "అయ్యగారూ, కొంచెం సపోర్టు ఇస్తారా?" అన్నాడు.

రాడ్డు 20 కిలోలు, రెండు పక్కలా 25 చొప్పున మొత్తం 70. "ఎన్ని బాబూ?" అన్నాను. "అయిదండి. నేను అనేదాకా ముట్టుకోవద్దండి."

మూడు సులువుగా పోయాయి. నాలుగవది నెమ్మదించింది. అయిదవది గుండెకు జానెడు ఎత్తున ఆగిపోయింది. పైకి పోవటం లేదు, కిందికి రావటం లేదు. అతని చేతులు వణుకుతున్నాయి. నా చేతులు రాడ్డుకు అంగుళం కిందుగా ఉన్నాయి. ఆ రెండు మూడు క్షణాలు ఎంత పొడుగో చెప్పలేను. పట్టుకుందామని ప్రాణం కొట్టుకుంటోంది. కాని రాడ్డు ఇంకా దిగటం లేదు. అతని కళ్ళు నా కళ్ళలోకి చూస్తున్నాయి. నేనూ కళ్ళు తిప్పలేదు. అప్పుడు కుడివైపు కొద్దిగా లేచింది, తరువాత ఎడమవైపు. రాడ్డు స్టాండుమీద కూర్చుంది.

లేచి కూర్చొని అడిగాడు, "ముట్టుకున్నారాండి?"

"లేదు బాబూ."

కాసేపు ఊరుకొని, "నిన్న ఒక్కణ్ణే ఉన్నప్పుడు ఇదే బరువు నాలుగే పోయాయండి" అన్నాడు.

నా చెయ్యి అతనికి ఒక్క గ్రాము బరువు తగ్గించలేదు. తగ్గినది భయం. భయం తగ్గితే ఉన్న బలమంతా పనిలోకి వస్తుంది. రెండు వారాల తరువాత ఆ అబ్బాయి సంచిలో నుండి మడతలు నలిగిన కాగితం ఒకటి తీసి, "ఇది కూడా కొంచెం చూస్తారాండి?" అన్నాడు. తండ్రి తీసుకున్న పంట ఋణం తాలూకు బ్యాంకు నోటీసు అది. రెండేళ్ళుగా ఎవరికీ చూపించలేదట. మేమిద్దరం బ్యాంకుకు వెళ్ళాము. ఆ సంగతి ఇంకా నడుస్తూనే ఉంది. కాని ఆ కాగితం ఇప్పుడు అతని ఒక్కడి గుండెమీద లేదు.

సపోర్టు ఇచ్చేవారికి ఒక హెచ్చరిక కూడా ఉంది. మా జిమ్ములో కొందరు స్నేహితులు మొదటి లెక్క నుండే రాడ్డు పట్టుకొని లాగుతూ, "నువ్వే, నువ్వే ఎత్తుతున్నావు" అని అరుస్తుంటారు. పడుకున్నవాడు 80 కిలోలు ఎత్తానని సంతోషిస్తాడు. అందులో 20 కిలోలు స్నేహితుడివి. రేపు ఆ స్నేహితుడు రానప్పుడు అదే 80 పెట్టుకుంటే ఏమవుతుంది? పిల్లల లెక్కలు తామే చేసిపెట్టే తల్లిదండ్రులూ, తమ్ముడి అప్పులన్నీ చెప్పకుండా తీర్చేసే అన్నలూ దీనిని ఆలోచించాలి. ఎదుటివాని బలం ఎంతో అతనికే తెలియకుండా చేయటం మంచి సాయం కాదు.

మరి నిజంగా ఎవరూ దొరకని రోజున ఏమి చేయాలి? మానుకోనక్కరలేదు, మార్గం ఉంది. తమిళనాట పాత బాటల పక్కన రెండు నిలువురాళ్ళమీద ఒక అడ్డరాయి పెట్టి ఉండటం కొందరు చూసే ఉంటారు. సుమైతాంగి అంటారు. కేరళలో అత్తాణి అంటారు. తలమీద బరువుతో వచ్చే బాటసారి ఎవరి సాయమూ లేకుండా దానిమీదికి బరువు జరిపి, సేద తీరి, మళ్ళీ తలకెత్తుకోవటానికి వీలుగా మనిషి ఎత్తున కట్టేవారు. గర్భిణిగా ఉండి చనిపోయిన స్త్రీల జ్ఞాపకార్థం వాటిని నిలబెట్టే ఆచారం ఉండేది. మోయలేక పోయినవారి పేరున, మోసేవారికి ఆసరా! ఎంత మంచి తలంపు!

జిమ్ములో ఆ రాయివంటిదే ఇనుప చట్రం. దానికి రెండు పక్కలా అడ్డకడ్డీలు ఉంటాయి. స్క్వాట్‌కైతే మీరు పూర్తిగా కూర్చున్నప్పుడు రాడ్డు ఉండే ఎత్తుకు కొంచెం కిందుగా వాటిని పెట్టుకోండి. బెంచ్ ప్రెస్‌కైతే గొంతుకు పైన, ఉబ్బిన ఛాతీకి కొంచెం కిందుగా ఉండాలి. ముందు ఖాళీ రాడ్డుతో సరిచూసుకోండి. చట్రం లేకపోతే ఒంటరిగా ఉన్న రోజున డంబెల్స్ వాడండి. చేతకాకపోతే రెండు పక్కలా నేలమీదికి దించవచ్చు. లేదా మన తాతల నాటి దండీలు తీయండి. దండీ చేతకానివాడు నేలమీద బోర్లా పడతాడు, అంతకంటే ఏమీ కాదు. రాడ్డు పట్టినప్పుడెల్లా బొటనవేలు చుట్టూ తిప్పి పట్టుకోండి. ఇంకా రెండుసార్లు ఎత్తగలననిపించినప్పుడే ఆపండి. ప్లేట్లకు క్లిప్పులు పెట్టకపోతే పక్కకు ఒంచి జార్చవచ్చునని కొందరంటారు. గొంతుమీద ఉండటంకంటే అది నయమే గాని, ఒక పక్క ఖాళీ కాగానే రాడ్డు రెండవ పక్కకు విసురుగా తిరుగుతుంది. చట్రానికి అది సాటి రాదు. రక్తపోటు, హెర్నియా ఉన్నవారు ముందుగా డాక్టరును అడగండి. ఊపిరి బిగబట్టి ఎత్తినప్పుడు రక్తపోటు బాగా పెరుగుతుంది.

తల్లిదండ్రులారా, మీ అబ్బాయి పాకలో సిమెంటు డబ్బాలు ఎత్తుతుంటే కోప్పడకండి. వ్యాయామం మంచిదే. పడుకొని గుండెమీద ఎత్తేది మాత్రం ఒంటరిగా వద్దని చెప్పండి. ఆ పది నిమిషాలు అక్కడ ఒక మంచం వేసుకొని కూర్చోండి. బలం లేదనుకోకండి. రాడ్డు ఒక చివర పట్టి లాగేంత బలం నాయనమ్మకే ఉన్నది.

యౌవనస్థులారా, అడగటం నేర్చుకోండి. గట్టుమీద నిలబడిన మీ అమ్మ ప్రతి సాయంత్రం అడుగుతూనే ఉంది, ఆమె గౌరవం ఏమీ తగ్గలేదు. రేపు రాడ్డు కింద పడుకొనే ముందు పక్కనున్నవానివైపు ఒకసారి తిరిగి, "అన్నా, కాస్త చెయ్యి వేస్తావా?" అనండి. అతడూ అడగలేక ఆగినవాడే అయి ఉండవచ్చు. అతనిది అయిన తరువాత మీరు వెళ్ళి అతని తలవైపున నిలబడండి.